మొహమా, జడా

ఉదయగిరిలో నీళ్లడిగితే మొహమొహాలు చూసుకుంటారు గానీ, రాళ్లడిగితే ఎవరూ లేదనరు. చేలో నాగలి పెడితే రాయి, పునాది తవ్వితే రాయి, ఆఖరికి అన్నంలో కూడా రాయే. అట్లాంటి ఊళ్లో కొండలయ్య అనే కూలివాడు రాళ్లను బోనులో పెట్టి పూలు పూయిస్తున్నాడంటే ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్లు నవ్వారు.

ఆ విద్య అతనికి సోమశిలలో అబ్బింది. పెన్నకు ఆనకట్ట కడుతున్న రోజులవి. వరదకు గట్టు కోసుకుపోకుండా ఇనుప తీగతో పెద్ద పెద్ద బుట్టలు అల్లి, వాటి నిండా రాళ్లు పోసి, మూత బిగించి ఏటి ఒడ్డున పేర్చేవాళ్లు. ఇంజనీర్లు వాటిని గేబియన్లు అన్నారు. ఆ మాట కూలీల నోట్లో పడి నలిగి నలిగి గాబు అయింది. ఇంట్లో నీళ్లు నింపుకునేది మామూలు గాబు, ఏటి ఒడ్డున ఉండేది రాళ్ల గాబు. కొండలయ్య తీగ అల్లడంలో చెయ్యి తిరిగినవాడు. పనికిరావని పారేసిన తీగముక్కలు మేస్త్రీని అడిగి చుట్ట చుట్టుకుని, ఇంటికొచ్చినప్పుడల్లా బస్సు టాపు మీద వేసుకుని తెచ్చుకునేవాడు.

"ఏందయ్యా ఈ ఇనపతుక్కు? కాపరం చేసేది ఇంట్లోనా, కమ్మరి కొలిమిలోనా?" అనేది అతని భార్య ఆనందమ్మ.

"చూస్తా ఉండు, దీంతోనే నీ తల్లోకి పూలు పూయిస్తా" అనేవాడు కొండలయ్య. ఆమె మూతి తిప్పుకునేది గానీ, తీగచుట్ట మాత్రం ఎవరూ ఎత్తుకుపోకుండా తనే లోపల పెట్టేది.

ఇంటి వెనక వాళ్లకు కాస్తంత చోటు ఉంది. చోటంటే చోటు కాదు, కొండ వాలు. వాన పడితే మట్టి వీధిలోకి జారిపోయేది, ఎండ కాస్తే మిగిలింది మాడిపోయేది. కొండలయ్య ఆ వాలుకు అడ్డంగా మెట్లు మెట్లుగా రాళ్ల గాబులు పెట్టి, ఒక్కోదాని వెనకా చెరువుమట్టి పోశాడు. వానకు మట్టి కదల్లేదు. ఎండకు రాళ్ల అడుగున తడి ఆరలేదు. ఆ తడిలో మల్లె అంట్లు పెడితే నాటుకుని, రెండేళ్లు తిరిగేసరికి గుబుర్లు కట్టాయి.

ఇక అక్కణ్ణుంచి అతనికి పిచ్చి పట్టింది. బావి ఒర మాదిరిగా గుండ్రటి గాబు అల్లి, నడుమ మట్టి నింపి కనకాంబరాలు వేశాడు. పొడవాటి గాబు చేసి పైన నాపరాయి పరిచి, ఇది కూర్చునే అరుగు అన్నాడు. దొడ్డివాకిట్లో రెండు గాబులు స్తంభాల్లా నిలబెట్టి సన్నజాజి పాకించాడు. ఎర్రరాయి ఒక వరస, నల్లరాయి ఒక వరస పేర్చి, తీగ సందుల్లోంచి చీర అంచులా కనబడేటట్టు చేశాడు. కొండ మీద రాజులు కట్టిన కోట కూలిపోయింది గానీ కింద కొండలయ్య కోట లేచింది అని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేశారు.

వాళ్లకు ఒక్కగానొక్క కూతురు, చెంచులక్ష్మి. తొమ్మిదేళ్ల పిల్ల. ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. కూర్చోమంటే లేస్తుంది, లేవమంటే చతికిలబడుతుంది. తల్లి మాటంటే కాస్త బెదురు ఉండేదేమో గానీ, తండ్రి మాట మాత్రం గాలికి పోవాల్సిందే. కొండలయ్య ఎంత అరిచినా ఆ పిల్ల బుగ్గ చొట్ట పడేలా ఒక్క నవ్వు నవ్వితే అతని కోపం అక్కడికి సరి. ఆ పిల్లే ఒకరోజు నెమలి కావాలని పట్టుబట్టింది.

"నెమలినా? రాళ్లతో నెమలి ఎట్లా చేసేదే?"

"ఏమో, నువ్వు పెద్ద మొనగాడివి గదా!"

కొండలయ్య కూర్చుని నెమలి ఆకారంలో గాబు అల్లాడు. మెడ వంకర పోయింది, తోక బరువై కుంగింది. పక్కింటి నారాయణయ్య చూసి, "ఇది నెమలి కాదు కొండలయ్యా, పొదగను కూర్చున్న కోడిపెట్ట" అన్నాడు. చెంచులక్ష్మి నారాయణయ్యతో మూడు పూటలు మాట్లాడలేదు. 

ఆ నారాయణయ్యే ఇంకో మాట కూడా అన్నాడు. "రాళ్ల సందుల్లో పురుగూ పుట్రా చేరతాదిరా. ఆడపిల్ల తిరిగే చోటు. మట్టితో పూడ్చెయ్యి."

పురుగంటే పాము. పొద్దుగూకే వేళ పేరెత్తకూడదని అట్లా అంటారు. కొండలయ్య నవ్వేశాడు. "కొండంతా రాళ్లే ఉంటే అది నా గాబుల్లోకే వస్తాదా మామా?" అన్నాడు. ఆ మాట అప్పుడు సబబుగానే అనిపించింది, వినేవాళ్లకు కూడా.

ఇక్కడ పీర్ మహమ్మద్ సంగతి చెప్పాలి. ఆత్మకూరు బస్టాండు దగ్గర అతనికి ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, ఉద్యోగాల దరఖాస్తులకు సైజు ఫోటోలు, అన్నిటికంటే ఎక్కువగా ఎండాకాలంలో పూలజడ ఫోటోలు. జడ ఫోటో అంటే మన వైపు తెలియనివాళ్లెవరు? పిల్లకు మల్లెమొగ్గల జడ కుట్టి స్టూడియోకు తీసుకుపోతే, వెనక నిలువుటద్దం పెట్టి ముందు మొహం, అద్దంలో జడ, రెండూ ఒక్క ఫోటోలో పడేలా తీస్తారు. పీర్ మహమ్మద్‌కు ఆ పనిలో పేరుంది. కానీ మనిషి మనసంతా ఉత్త పూల మీదే. నలుపూ తెలుపూ ఫోటోలో మందారమూ ఒకటే, మసిగుడ్డా ఒకటే అని విసుక్కునేవాడు. పూలను పూల రంగులోనే తీయాలని అతని కోరిక. ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలంలో ఎట్లాగో మద్రాసు నుంచి ఒక కలరు రీలు తెప్పించాడు. ఉదయగిరి బస్సు కండక్టరు చెప్పగా కొండలయ్య తోట సంగతి విని, ముందురోజే కబురు పెట్టి, కెమెరా భుజాన వేసుకుని పొద్దున్నే దిగాడు.

తోట చూసి నిలబడిపోయాడు. "అరే కొండలయ్యా, ఏం చేసినావయ్యా ఇది! రాయి పక్కన పువ్వు పెడితే పువ్వుకు ఇంత అందం వస్తాదని నాకు ఇన్నాళ్లూ తెలీదే" అన్నాడు. ఊరంతా ఎగతాళి చేసిన తోటను పట్నం సాయిబు మెచ్చుకునేసరికి కొండలయ్యకు కాళ్లు నేల మీద ఆనలేదు.

"తోటంతా తీసుకో సాబూ. ఆఖర్న మా పాపకు ఒక్క ఫోటో తియ్యి, చాలు."

"ఒకటేంది, రెండు తీస్తా. పాపను తయారు చెయ్యండి."

ఆనందమ్మ ముందురోజు సాయంత్రమే మొగ్గలు కోసి తడిగుడ్డలో పెట్టి ఉంచింది. ఆ సంవత్సరమే మల్లెలు విరగబూశాయి. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, మొగ్గలన్నీ సూదితో గుచ్చి జడకు కుట్టింది. నడుమ నడుమ కనకాంబరాలు, మరువం. చివర అడిగి తెచ్చిన జడగంటలు. చెంచులక్ష్మి కదలకుండా కూర్చోవడం ఆనందమ్మ ఆ రోజే చూసింది.

ఇటు తోటలో కొండలయ్య పీర్ మహమ్మద్‌ను నిలవనివ్వడం లేదు. "ఈ గాబు తీసినావా సాబూ? ఆ ఎర్రరాయి పక్కన మల్లెగుత్తి చూడు. అరుగు తీయలేదే! సన్నజాజి ఇట్లా నిలబడి తియ్యి." పీర్ మహమ్మద్‌కూ ఒళ్లు తెలియలేదు. మోకాళ్ల మీద వంగి, నేల మీద బోర్లా పడుకుని, మంచుచుక్కల్లా నీళ్లు చల్లి మరీ తీశాడు. పిల్ల జడ వేసుకుని బయటికొచ్చి, నెమలి గాబు పక్కన నిలబడేసరికి, అతను కెమెరా చూసుకుని తల గోక్కున్నాడు.

"కొండలయ్యా, తప్పయిపోయినాది. ఇంక ఒక్క ఫోటోకే ఫిలిం ఉండాది."

"ఒకటైతే ఏంది, తియ్యి."

"అద్దం లేదు గదా ఈడ. మొహం తీస్తే జడ రాదు. జడ తీస్తే మొహం రాదు. మొహమా, జడా? నువ్వే చెప్పు."

ఇంట్లో ఉన్నది అరచేతంత అద్దం. అది బొట్టు పెట్టుకోవడానికే చాలదు. "మొహం తియ్యమను" అంది ఆనందమ్మ వెంటనే. కొండలయ్య జడ వైపు చూశాడు. తను పేర్చిన రాళ్లు, తను పోసిన మట్టి, తన చేతుల్లో పూసిన మొగ్గలు. ఇన్నేళ్ల చాకిరీ అంతా ఆ పిల్ల వీపు మీద వేలాడుతోంది. తండ్రిగా కాదు, తోటవాడిగా చూశాడు. ఏం చెప్పమంటారు, మనిషికి ముందుచూపు ఎక్కడ ఏడుస్తుంది!

"మొహం ఏడికి పోతాదే? తెల్లారి లేస్తే చూసేదేగా. జడ సాయంత్రానికి వాడిపోతాది. జడ తియ్యి సాబూ" అన్నాడు.

"నాయనా, నా మొహం పడద్దా?" అంది చెంచులక్ష్మి.

"ఆత్మకూరు తీసుకపోయి అద్దం పెట్టి ఇంకోటి తీయిస్తాలే. ఇప్పుడు అటు తిరిగి నిలబడు. ఇటు తిరగబాక."

పిల్ల అటు తిరిగింది. మల్లె కొమ్మ ఒకటి జడకు అడ్డంగా వస్తుంటే కొండలయ్య వంగి దాన్ని పక్కకు పట్టుకున్నాడు. "నాయనా, తిరగనా?" అంది పిల్ల నవ్వును ఆపుకుంటూ. "తిరగబాక అంటినా లేదా!" అని అతను వంగినచోటి నుంచే కసిరాడు. టక్కున చప్పుడైంది. అతను కొమ్మ వదిలి తలెత్తేసరికి పిల్ల ఇటు తిరిగి, చేతులు నడుముకు పెట్టుకుని నవ్వుతోంది.

"తిరిగినావా ఏందే, ఫోటో పడకముందే?"

"చెప్పను పో. ఫోటో వచ్చినాక చూసుకో" అంది చెంచులక్ష్మి. ఆ వేళకు లోపలికి పోయిన ఆనందమ్మ వచ్చి అడిగినా అదే జవాబు. 

రీలు మద్రాసు పోయింది. కలరు కడిగే చోటు అప్పట్లో అక్కడే. ఫోటోలు ఇంకా రాకముందే, ఆ నెలలోనే, ఒక సాయంత్రం చెంచులక్ష్మి మొగ్గలు కోయడానికి వెళ్లి, నెమలి గాబు పక్కన రాలిన పూలు ఏరబోయింది. రాళ్ల సందులో రక్తపింజర ఉంది.

ఆ వేళకు బస్సు లేదు. రాళ్ల లారీ ఒకటి దొరికితే కొండలయ్య బిడ్డను ఒళ్లో వేసుకుని ఆత్మకూరుకు బయల్దేరాడు. సగం దారిలోనే అయిపోయింది. లారీని వెనక్కి తిప్పారు. ఇంతకంటే చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

దినాలు కాగానే కొండలయ్య కటింగ్ ప్లేయరు తీసుకుని తోటలోకి వెళ్లాడు. గాబులన్నిటి తీగలూ తెంపేశాడు. రాళ్లు దబదబా కిందికి దొర్లాయి. నారాయణయ్య ఆపబోయి, మళ్లీ ఎందుకో ఆగిపోయాడు. నేను చెప్పలేదా అనే మాట అతని నోట రాలేదు, అంతవరకు అతను మంచివాడు. తొలకరికి మట్టి వీధిలోకి జారిపోయింది. మల్లెలు ఎండిపోయాయి. ఆనందమ్మ తల్లో పూలు పెట్టడం మానేసింది. మొగుడు బతికుండగా అదేం అరిష్టం అని అమ్మలక్కలు చీవాట్లు పెట్టారు. ఆమె మొగుడిని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు, గుండెలు బాదుకుని నీవల్లే పోయింది అన్నా బాగుండు అని కొండలయ్య ఏడ్చేవాడు.

ఇక మిగిలింది ఆ ఫోటో. ఇంట్లో ఆ పిల్లది ఇంకో బొమ్మ లేదు. 

"తిరిగే ఉంటాది. నా మాట ఎప్పుడు వినింది గనక? తిరగబాక అంటే తిరక్కుండా ఉంటాదా అది?" అనేవాడు. బిడ్డ బతికుండగా ఏ మొండితనానికి నెత్తి కొట్టుకున్నాడో, ఇప్పుడు ఆ మొండితనం మీదే ఆశ పెట్టుకున్నాడు. పీర్ మహమ్మద్ దగ్గరికి వెళ్లి, "వచ్చినాయా సాబూ?" అని అడిగాడు.

పీర్ మహమ్మద్ తల వంచుకుని, "మద్రాసు నించి ఇంకా రాలా కొండలయ్యా" అన్నాడు. బిడ్డ తిరిగినాదా అని అడిగితే, జడ మీదే కన్ను పెట్టినా, గుర్తులేదు అన్నాడు.

కొండలయ్య మళ్లీ సోమశిల పనికే పోయాడు. వేరే పని చేతకాదు. ఏటికి వేసే గాబులే అల్లాడు, చేతులు వాటంతటవి అల్లుతుంటే తను ఎటో చూస్తుండేవాడు. ఇంటికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆత్మకూరులో బస్సు మారాలి. మారినప్పుడల్లా స్టూడియో గడప ఎక్కేవాడు. "వచ్చినాయా సాబూ?" "రాలా." "ఉత్తరం రాసినావా?" "రాసినా. ఎక్కడో కలిసిపోయినాయంట, వెతకతా ఉండారు." టీ తెప్పించేవాడు పీర్ మహమ్మద్. ఆ టీ చల్లారిపోయేది. ఏళ్లు గడిచాయి, ఆనకట్ట లేచింది, ప్రభుత్వాలు మారాయి. ఆత్మకూరులోనే కలరు ఫోటోలు కడిగే రోజులొచ్చాయి. మద్రాసు నుంచి ఆ ఒక్క రీలు మాత్రం రాలేదు.

అన్నిటికంటే ఘోరం ఇంకోటి జరిగింది. ఒకరోజు అన్నం తింటూ కొండలయ్య, "నవ్వితే పాపకు ఎడమ బుగ్గన చొట్ట పడతా ఉండె" అన్నాడు.

"ఎడమ కాదు, కుడి" అంది ఆనందమ్మ.

"ఎడమేనే. ఎదురుగా నిలబడితే..." అని అతను గాల్లో చెయ్యి పెట్టి చూపించబోయాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆనందమ్మ కూడా తన బుగ్గ తడుముకుంది, ఒకవైపు, తర్వాత రెండోవైపు. ఇద్దరికీ నమ్మకం పోయింది. కంచంలో అన్నం అట్లాగే ఉంది. తెల్లారి లేస్తే చూసే మొహం, ఎక్కడికీ పోదనుకున్న మొహం, వాళ్ల కళ్లెదుటే కొంచెం కొంచెంగా చెరిగిపోతోంది. కొండలయ్య కంచం పక్కకు నెట్టి లేచాడు.

"ఫోటో వస్తే తేలిపోతాది. నేనే పోతా మద్రాసుకు" అన్నాడు.

మరునాడు ఇద్దరూ గుడ్డసంచితో ఆత్మకూరులో దిగి స్టూడియోకు వచ్చారు. పీర్ మహమ్మద్‌కు గడ్డం నెరిసింది. గిరాకీ లేక కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మద్రాసు పోతాండాం సాబూ. ఆ షాపు పేరు చెప్పు, వీధి పేరు చెప్పు. వాళ్ల కాళ్లు పట్టుకుని నేనే వెతుక్కుంటా. అరవం రాకపోతే ఏంది, బిడ్డ ఫోటో అంటే ఎవురికైనా అర్థమవతాది."

పీర్ మహమ్మద్ లేచి, బజారులో పోయేవాళ్లకు కనబడకుండా తలుపు దగ్గరగా వేశాడు. సొరుగు తీసి ఒక కవరు బయటికి తీశాడు.

"యాడికీ పోబాకండి. ఇవి ఆ నెలలోనే వచ్చినాయి."

ఆనందమ్మ భగ్గుమంది. "ఏంది సాబూ, ఇన్నేళ్లూ మమ్మల్ని తిప్పించుకున్నావా? నీకు బిడ్డల్లేరా?"

"ఉండారమ్మా. అందుకే ఇయ్యలేకపోయినా" అన్నాడు అతను. "ఇద్దామని తీస్తా, మళ్లీ లోపల పెడతా. ఆ రీలు తర్వాత నేను ఒక్క పువ్వును కూడా తీయలేదు. నా పూల యావలో ఫిలిమంతా తగలేసినా. ఇంకొక్కటి మిగిల్చుంటే..."

ఫోటోలు బల్ల మీద పరిచాడు. ఎర్రరాయి పక్కన మల్లెగుత్తి. గుండ్రటి గాబులో కనకాంబరాలు. స్తంభాల మీద సన్నజాజి. అరుగు. నిన్న పూసినట్టే ఉన్నాయి పూలన్నీ. కొండలయ్య వాటి మీద చెయ్యి కూడా వేయలేదు. అన్నిటి కింద ఉన్నదాన్ని లాగాడు.

జడ. మొగ్గ మొగ్గా లెక్కపెట్టుకోవచ్చు. కనకాంబరాల రంగు తగ్గలేదు, మరువం పచ్చగా ఉంది. పక్కన వంకర మెడతో నెమలి. ఫోటో ఓరన కొమ్మ పట్టుకున్న కొండలయ్య చెయ్యి. పిల్ల తల నిటారుగా అటువైపే ఉంది. ఇంచు కూడా పక్కకు వంగలేదు. రెండు భుజాలూ బిగబట్టి, బడిలో నిలబడ్డట్టు నిలబడి ఉంది.

ఆనందమ్మ అతని భుజం మీదుగా చూసింది. ఇన్నేళ్లలో మొగుడిని ఒక్క మాట అనని మనిషి, అప్పుడు కూడా తిట్టలేదు.

"నీ మాట వినిందయ్యా" అంది.

కొండలయ్య ఫోటోను రెండు చేతులా పట్టుకుని చూస్తున్నాడు. చూసి చూసి మెల్లగా దాన్ని వెనక్కి తిప్పాడు. 

"వెనక ఏమీ ఉండదు కొండలయ్యా" అన్నాడు పీర్ మహమ్మద్.

"తెలుసు సాబూ" అన్నాడు కొండలయ్య. అయినా ఆ తెల్లకాగితం వైపే చూస్తూ ఉండిపోయాడు.